నుదుటికి గంజి

పద్మారావు నగర్‌లో సుమిత్ర టైలరింగ్ షాపు పదింటికి తెరుచుకుంటుంది. శనివారం మాత్రం ముందు ముఖాలు, తర్వాతే జాకెట్లు. ముఖాల పిన్నులు వేరే స్టీలు డబ్బాలో ఉంటాయి. ముఖానికి ఏదైనా చేయించుకోవాలనుకున్నవాళ్లు మొదట ఆమె దగ్గర ట్రయల్ చూసుకుంటారు. ఆపరేషన్‌కైతే చర్మం మడిచి పిన్నులు పెడుతుంది. ఇంజెక్షన్‌కైతే పల్చగా గంజి రాస్తుంది. నొప్పి ఉండదు, చుక్క రక్తం రాదు. దీపాలు పెట్టే వేళకు దానంతటదే వదులై ముఖం మామూలుగా అయిపోతుంది. వేసవి పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం సుమిత్ర ముఖాలు తీసుకోదు.

నవంబరు మొదటి శనివారం ప్రేమమణి వచ్చేసరికి ముక్కు కోసం ఒకావిడ, గడ్డం కోసం ఇంకొకావిడ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల పక్కనే కూర్చుంది.

ప్రేమమణిది మల్కాజ్‌గిరి. వయసు యాభై మూడు. బడిలో లెక్కలు చెబుతుంది. చర్చిలో పాటల బృందాన్ని, అంటే క్వయర్‌ని, పదిహేనేళ్లుగా కీబోర్డు వాయిస్తూ నడుపుతోంది. ఈస్టర్ ఆరాధన యూట్యూబ్‌లో పెట్టాక దాని కింద ఎవరో, 'ఆ కీబోర్డు ఆంటీకి ఎవరి మీద అంత కోపం?' అని రాశారు. నూట పన్నెండు మంది లైక్ కొట్టారు. క్వయర్ సెక్రటరీ జీవరాజు అది చదివి, క్రిస్మస్‌కి కీబోర్డు దగ్గర క్యారల్ అనే అమ్మాయిని కూర్చోబెడదామని కమిటీలో అన్నాడు. క్యారల్‌కి ఇరవై ఆరేళ్లు. నుదుటి మీద ఒక్క గీత లేదు. ప్రేమమణి నుదుటి మీద నాలుగున్నాయి. ఇంకొకటుంటే ఐదు గీతల మీద పాశ్చాత్య సంగీతం రాసుకోవచ్చు.

"స్కిన్ క్లినిక్ వాళ్లు నుదుటికి ఇంజెక్షన్ అంటున్నారు. పావుగంట పనట" అంది ప్రేమమణి.

"అందరికీ గదే చెప్తరు. జెర సీదా కూసోండ్రి మేడం."

సుమిత్ర రెండు వేళ్లతో గంజి రాసి ఆరేదాకా విసనకర్రతో విసిరింది. అద్దంలో నుదురు ఇస్త్రీ చేసినట్టుంది. ప్రేమమణికి నచ్చింది. అలాగే రెండింటికి రిహార్సల్‌కి వెళ్లింది.

కీబోర్డు మీద ఆమెకి రెండు చేతులూ పనిలో ఉంటాయి. అందుకని ఎవరు ఎప్పుడు పాట ఎత్తుకోవాలో కనుబొమ్మలతోనే చూపిస్తుంది. ఆ రోజు చూపించింది. ఆల్టో గొంతు ఆడవాళ్లు నోరు సగం తెరిచి అలాగే నిలబడ్డారు. మళ్లీ చూపించింది. బాస్ గొంతు మగవాళ్లు దగ్గారు.

"సిస్టర్, ఎక్కడ ఎత్తుకోవాలి?" అన్నాడు జీవరాజు.

"చూపించాను కదా."

"లేదు సిస్టర్. గోడ ఎలా ఉందో మీరూ అలాగే ఉన్నారు."

పైగా రెప్పలు బరువుగా కిందికి దిగి పేజీలో పై సగం కనబడటం లేదు. చూడటానికి గడ్డం పైకెత్తితే ఇంకా కోపంగా ఉన్నట్టుందని క్యారల్ నెమ్మదిగా చెప్పింది. ప్రేమమణి రుమాలు తడిపి నుదుటి మీది గంజి తుడిచేసింది. కనుబొమ్మలు లేచాయి. పాట మొదలైంది. అయితే జీవరాజు తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకోవడం ఆమె చూసింది.

"డిసెంబరు రెండో శనివారం రిహార్సల్ చూసి అప్పుడు తేల్చండి" అంది అతనితో. అతను సరేనన్నాడు.

తర్వాతి శనివారం సుమిత్ర అంతా విని నవ్వింది.

"లంగా పొడుగైతే ఎత్తి పట్టుకుని నడుస్తం గదా మేడం. ఇగ చెయ్యి కట్టేస్తమా, అంచు మడిచి కుడ్తమా? మీ రెప్పలు జారినయి. గవి ఎత్తి పట్టుకోనీకె నుదురు పరేషాన్ అయితుంది. దాన్నెందుకు తిడుతున్నరు?"

ఒక్కో రెప్పకు రెండేసి పిన్నులు పెట్టింది. గోడ మీది క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు కూడా కనబడ్డాయి. ఎవరూ చెప్పకుండానే కనుబొమ్మలు కిందికి దిగాయి. నాలుగు గీతలూ సన్నబడ్డాయి. సుమిత్ర చీటీ రాసిచ్చింది: 'రెప్పలు మాత్రమే. ఎడమది అర నూలు ఎక్కువ.' నూలంటే టేపు మీద అంగుళంలో ఎనిమిదో వంతు.

స్కిన్ క్లినిక్ డాక్టరు చీటీ పక్కన పెట్టేశాడు. "రెప్పలు తర్వాత చూద్దాం. ముందు నుదురు, బుగ్గలు చేసేస్తే పదేళ్లు చిన్నగా కనిపిస్తారు."

"చిన్నగా కనిపించాలని నేనెప్పుడన్నాను?" అని ప్రేమమణి చీటీ తీసుకుని లేచింది.

అదే చీటీతో సైనిక్‌పురిలో ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ యామిని దగ్గరికి వెళ్లింది. యామిని చీటీ రెండుసార్లు చదివి, బొటనవేలితో ప్రేమమణి నుదురు కదలకుండా అదిమిపట్టి పైకి చూడమంది. రోజంతా ఏం పని చేస్తారని అడిగింది. ఆపరేషన్‌కి ముందు కంటి డాక్టరుకి చూపించుకోవాలంది. ఆ తర్వాత రెప్పలు పది రోజులు కమిలి ఉంటాయని, కళ్లు కొన్నాళ్లు పొడిబారవచ్చని, గీతలు పూర్తిగా పోవని చెప్పింది.

"ఇలాంటివి ఎన్ని చేశారు?" ప్రేమమణి లెక్కల టీచరు గొంతుతో అడిగింది.

"మూడొందల పైన." యామిని పాత ఫోటోలు చూపిస్తూ ఒకదాని దగ్గర ఆగింది. "ఇది సరిగా రాలేదు. మళ్లీ చేయాల్సి వచ్చింది."

ఆ ఒక్క ఫోటో చూసి ప్రేమమణి ఆపరేషన్‌కి తేదీ రాయించుకుంది.

డిసెంబరు రెండో శనివారం నలభై మంది నిలబడ్డారు. క్యారల్ పేజీ తిప్పడానికి కీబోర్డు పక్కన నిలబడింది. ప్రేమమణి కళ్ల కింద ఆపరేషన్ తాలూకు పసుపుపచ్చ ఛాయ ఇంకా కొంచెం ఉంది. నుదురు నింపాదిగా ఉంది. నాలుగో చరణం దగ్గర టెనార్ గొంతు మగవాళ్ల వైపు తిరిగి కనుబొమ్మలు ఒక్కసారి ఎత్తింది.

పదిహేనేళ్లుగా ఆలస్యంగా అందుకునే టెనార్లు సరిగ్గా సమయానికి అందుకున్నారు. వాళ్లలో జీవరాజు ఒకడు. పాట అయిపోయాక అతను కీబోర్డు దగ్గరికి వచ్చాడు.

"ఇదివరకు మీ కనుబొమ్మలు ఎప్పుడూ పైనే ఉండేవి సిస్టర్. ఎప్పుడు ఎత్తారో మాకు తెలిసేది కాదు."

"పదిహేనేళ్లకా చెప్పేది?"

జీవరాజు నోట్‌బుక్ తెరిచి, కీబోర్డుకి ఎదురుగా రాసుకున్న క్యారల్ పేరు కొట్టేశాడు.

"మళ్లీ మొదటినుంచి పాడండి" అంది ప్రేమమణి. క్యారల్ పేజీలు వెనక్కి తిప్పింది.