గోరువెచ్చ బాబాయ్

తొట్టిలో మోచెయ్యి ముంచి చూసి, ఇంకో చెంబు చన్నీళ్ళు కలిపాడు. చంటిపిల్లల స్నానానికి నీళ్ళు చూసినట్టు ఆయన ఎప్పుడూ మోచేత్తోనే చూస్తాడు. మరీ వేడైతే తేనె నల్లబడుతుంది, చల్లారితే సీసా అడుగున పేరుకున్నది కరగదు. ఆ మధ్యస్థం ఆయన చేతికి బాగా తెలుసు. అందుకే తేనె కంపెనీలో అందరూ ఆయన్ని గోరువెచ్చ బాబాయ్ అంటారు. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

దుకాణాల నుంచి వెనక్కొచ్చిన సీసాలు ఈ గదికి వస్తాయి. మంచి తేనె కూడా కొన్నాళ్ళుంటే గడ్డకట్టి పలుకులు తేలుతుంది. కొన్నవాళ్ళు అది చూసి, పంచదార పాకం అంటగట్టారని దుకాణం మీద పడతారు. దుకాణంవాళ్ళు సరుకు తిప్పి పంపుతారు. ఆయన ఆ సీసాలను తొట్టిలో నిలబెట్టి, పలుకులన్నీ కరిగి తేనె తేటపడేదాకా ఉంచి, పొడిగుడ్డతో తుడిచి, కొత్త మూత బిగిస్తాడు. అవే మళ్ళీ దుకాణాలకు వెళ్తాయి.

ఆ రోజు వచ్చినవన్నీ ఖరీదైన రకం. బంగారు రంగు మూత, కాగితం మీద పెద్దక్షరాలతో ‘మందు తేనె’ అని, దాని కింద చీమల బారులా ఒక హెచ్చరిక: వేడి చేయరాదు, ఔషధ గుణాలు నశించును. ఆ హెచ్చరిక తడిసి ఊడిపోకుండా ఆయన తొట్టిలో నీళ్ళు సరిగ్గా దాని కిందిదాకానే పోస్తాడు. పనిమంతుడే, కాదనలేం.

ఇన్నేళ్ళలో అందులో తప్పేమీ కనబడలేదా అంటే, కనబడింది. ఎవరితో చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. ఊరుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. బస్సులో తన కాలు తొక్కినవాడికి తనే సర్దుకుని చోటిస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఒక సంబంధం వస్తే ‘చూద్దాం’ అన్నాడు. చూస్తూ ఉండగానే ఆ పిల్లకు వేరేచోట పెళ్ళయింది, ఈయన జుట్టు నెరిసింది.

ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయేనాటికి ఆయనింకా పాకుతున్నాడు. అక్క కుట్టుమిషను తొక్కి సాకింది. తను పెళ్ళి చేసుకుంటే వీడేమైపోతాడోనని చేసుకోలేదు. ఆ మిషను తొక్కిన ఎడమకాలికే ఇప్పుడు పుండు లేచింది. షుగరు ఒంట్లో ఉండగా బొటనవేలి కింద వచ్చిన పొక్కు, మానకుండా మడమదాకా పాకింది. పాదం తీసేయాలనీ, ఆలస్యం చేస్తే మనిషే దక్కదనీ డాక్టరు చెప్పాడు.

“పాదం తీసేస్తే మిషను మీరొచ్చి తొక్కుతారా?” అని అక్క డాక్టరు మొహం మీదే అడిగి ఇంటికొచ్చేసింది.

ఈ మందు తేనె పూస్తే ఎంతటి పుండైనా మానుతుందని పక్కవాటాలో ఆవిడ చెప్పింది. అయితే ఒక్క సీసా ధర పెడితే ఇంటికి నెల సరుకులు వచ్చి ఇంకా మిగులుతుంది. అక్క ఊరికే డబ్బు పారేసే మనిషి కాదు. తమ్ముణ్ణి కూచోబెట్టి అడిగింది.

“ఒరేయ్, నువ్వక్కడే పనిచేస్తున్నావుగా. అంత పోసి కొంటే నిజంగా పనికొస్తుందంటావా?”

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాడు కూడా. కానీ అక్క కళ్ళల్లో ఆశ చూసేసరికి నాలుక మడతపడింది.

“మంచిదే అంటారక్కా,” అన్నాడు.

కంపెనీలో పనిచేసే తమ్ముడి మాట కాక ఇంకెవరి మాట నమ్ముతుంది? మర్నాడే సీసా తెప్పించుకుంది. దాని కాగితం కింది అంచు ఆవిరికి ముడతలు పడి ఉంది. ఆయన తొట్టిలో నిలబడొచ్చిన సీసా అని చూడగానే పోల్చుకున్నాడు. అక్క మాత్రం పుండుకు పూస్తూ నవ్వింది. “షుగరు వచ్చాక నా నోటికి లేని యోగం నా కాలికి పట్టిందిరా.”

రోజులు గడిచాయి. ఆ ఖరీదైన సీసాలు తొట్టికి వచ్చిన రోజు పొద్దున కట్టు మారుస్తుంటే తేనె వాసనను దాటుకుని ఇంకో వాసన వచ్చింది. ఆయనకు తల తిరిగింది. అక్క ఒళ్ళు కాలిపోతోంది. అయినా హుషారుగా, “నొప్పి పోయిందిరా, నిన్నట్నుంచి అసలు కాలున్నట్టే తెలియట్లేదు,” అంది. పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందన్న తృప్తి ఆ గొంతులో ఉంది. ఆయన పనికి వచ్చేశాడు. రాకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం సూపర్‌వైజరు గదిలోకి వచ్చింది. ఆయనకు కూతురుంటే ఆ వయసుండేది.

“అమ్మా, వెచ్చబెట్టని సీసా ఒక్కటి దొరుకుతుందా?” అని అడిగాడు. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం ఆ అమ్మాయి ఎప్పుడూ చూడలేదు.

“ఎవరికి బాబాయ్?”

“మా అక్కకి. కాలి పుండుకి. లోపల నల్లబడింది.”

ఆ అమ్మాయి తలుపు దగ్గరగా వేసింది.

“పుండ్లకు వాడేది వేరే తయారుచేస్తారు, అది ఆసుపత్రుల్లో ఉంటుంది. ఇది సీసా సోకు, అంతే. అయినా నల్లబడ్డాక ఏ తేనె మాత్రం ఏం చేస్తుంది? ఇవాళే తీసుకెళ్ళండి బాబాయ్, ఆలస్యం చెయ్యకండి.”

“అలాగేనమ్మా,” అన్నాడు. అని, ఇంకో వరస సీసాలు తొట్టిలో నిలబెట్టాడు! మధ్యలో వెళ్తానని అడగడానికి మొహమాటం. ఆ మనిషిని చూస్తే జాలీ వేస్తుంది, రెండు తగిలించాలనీ అనిపిస్తుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క గోడకు చేరబడి ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి ఎదురుగా కూచున్నాడు.

“అక్కా, ఆ తేనె నేను వెచ్చబెట్టిందే. అందరూ వెనక్కిచ్చిన సరుకు. దాంతో నీ కాలు మానదు. నాకు ముందే తెలుసు.”

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

“అలాగా,” అంది అక్క. కాసేపు సీసా వంక చూసింది. “మరి ఆ రోజే చెప్పొద్దూ? సరే, ఆటో పిలు. పోదాం.”

అంతే. ఒక్క మాటకు లేచే మనిషిని ఇన్నాళ్ళూ పడుకోబెట్టాడు. ఇంత తేలికైన పనా ఇది అనుకుంటూ ఆయన వీధిలోకి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు.

అక్క కుడికాలికి చెప్పు వేసుకుని, రెండోదాన్ని చేత్తో పక్కకు నెట్టింది. “అది ఎవరైనా ఒంటికాలి మనిషుంటే ఇచ్చెయ్,” అని తనే నవ్వింది. నవ్వుతూ ఆయన భుజం మీద వాలింది.

ఆటోలో ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. తొట్టి గురించి, మూతల గురించి, తన మొహమాటం గురించి చెప్పాడు. అక్క ఊఁ కొట్టింది.

“ఆ సంబంధం పిల్ల నాకు నచ్చిందక్కా. నిన్నొదిలి ఎలా అని చూద్దామన్నాను.”

“ఊఁ. తెలుసు. నీకోసం నేనూ, నాకోసం నువ్వూ. భలే తెలివైనవాళ్ళం.”

ఆయన నవ్వబోయి ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పుకుపోయాడు. పాదం పోతే ఏం, చేత్తో తిప్పే మిషను కొంటానన్నాడు. తను పని మానేసి ఇంట్లోనే ఉండి కాజాలు కుడతానన్నాడు. గుండీలు కుట్టడం చిన్నప్పుడు నువ్వే నేర్పావుగా అన్నాడు. వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఆటో గతుకుల్లో పడినప్పుడల్లా అక్క తల ఆయన భుజం మీద కదిలింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు బండి తోసుకొచ్చి అక్కను దాని మీద పడుకోబెట్టారు. ఒకడు మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, ఆయన వైపు తిరిగాడు.

“ఎప్పట్నుంచి ఇలా ఉన్నారు?”

“ఇప్పటిదాకా ఊఁ కొడుతూనే ఉందండీ,” అన్నాడాయన.

వాళ్ళు బండిని లోపలికి తోసుకెళ్ళారు, ఆయన బండి అంచు వదలకుండా వెంట వెళ్ళాడు. ఆటోవాడు సీటు కింద పడి ఉన్నదాన్ని తీసి, కేకేసి, ఎవరూ తిరక్కపోయేసరికి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అక్క కుడికాలి చెప్పు అది, మడమ దగ్గర బాగా అరిగి, ఐదు వేళ్ళ గుంటలతో.