కర్రల చప్పుడు

ఆ టైలరుకి నోటి దురుసు ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. కానీ డ్యాన్సు క్లాసులో, నలుగురి ముందు, "నీకెందుకే అంత తొందర? ఎవరు తరుముతున్నారు నిన్ను?" అని కట్టుకున్నదాని మీద అరిస్తే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆవిడ రేకు డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు కొట్టే మిషను మీద పనిచేస్తుంది. పెళ్లికి ముందు నుంచీ అదే మిషను, అదే రొద. ఆయన పొద్దస్తమానం కొట్టులో బట్టలు కుడుతూ ఉంటాడు, ఆవిడ షిఫ్టులు ఆవిడవి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకునేది ఈ సల్సా క్లాసులోనే. ఇప్పుడు దానికీ గండం వచ్చింది. క్లాసు వార్షికోత్సవంలో జంటలు ఆడాలి. ఇవాళ కూడా కాలు తప్పితే, క్లాసుకొచ్చే మందుల షాపు అమ్మాయిని జత చేసుకుంటానని ఇంట్లోనే చెప్పేశాడు మహానుభావుడు.

తప్పు ఎప్పుడూ ఒకటే. అందరికంటే ముందు అడుగు వేసేస్తుంది.

మాస్టారు మంచివాడు. పాట ఆపి అందరినీ దగ్గరికి పిలిచాడు.

"సల్సా పాటకి ఒక వరస ఉంటుందండీ. మొదట పాడేవాడు కథ చెబుతాడు, అక్కడ చిన్న అడుగులు చాలు. తర్వాత అతనొక మాట అంటాడు, కోరస్ వాళ్లు బదులిస్తారు. గిరగిరా తిరగడాలన్నీ అక్కడ. ఇక బాకాలు విరుచుకుపడ్డాయా, మీ ఇష్టం." ఆవిడకేసి తిరిగాడు. "మీరు బేస్ గిటార్ వెంట పడుతున్నారమ్మా. అది అడుగు కంటే ముందే మోగుతుంది. పాటనంతా పట్టి ఉంచేది రెండు కర్రల సన్నటి చప్పుడు. దాన్ని వినండి."

నిజమే మరి. చెక్క నేలలోంచి అరికాళ్లకి తగిలే ఆ బరువైన మోతే ఆవిడకి పాట. తప్పెక్కడో తెలిసింది, ఇంక దిద్దుకోవచ్చు. ప్రాణం లేచొచ్చింది ఆవిడకి.

మాస్టారు కంప్యూటర్లో మిగతా వాయిద్యాలన్నీ ఆపేసి కర్రలొక్కటే ఉంచాడు. ఆ లెక్కకి చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు. మాస్టారి చేతులు చూస్తూ ఆవిడా కొట్టింది. ఒక్కటీ తప్పలేదు.

"చూశావా, మనసు పెడితే ఎందుకు రాదు!" అన్నాడు టైలరు. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగినంత సంతోషం.

"ఇప్పుడు మీరొక్కరే. కళ్లు మూసుకుని కొట్టండమ్మా," అన్నాడు మాస్టారు.

కళ్లు మూసుకుని, చేతులు ఎత్తి పట్టుకుంది. గది నిశ్శబ్దంగా ఉంది. పాపం, ఆ కంప్యూటరుతో తంటాలు పడుతున్నాడేమో అనుకుని ఓపిక పట్టింది. చప్పుడు ఎంతకీ రాదే!

"పెట్టండి మాస్టారూ, నేను రెడీ," అంది.

కళ్లు తెరిచింది. మందుల షాపు అమ్మాయి తల లయకి ఊగుతున్నదల్లా టక్కున ఆగిపోయింది. టైలరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది మోగుతూనే ఉందే," అన్నాడు.

ఆవిడ స్పీకరు వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"ఎన్నాళ్ల నుంచే ఇది? నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?" అన్నాడు.

"నాకేం తెలుసండీ," అంది ఆవిడ బిక్కమొహం వేసుకుని. "మీరు తిట్టేవన్నీ వినబడుతూనే ఉన్నాయి కదా. చెవులు బాగానే ఉన్నాయనుకున్నాను."