తునికాకుకు పెట్టిన తడి

తెల్లవారి వాకిళ్ళు ఊడ్చి, చాటలు చంకన పెట్టుకుని, ఆడవాళ్ళంతా సత్తమ్మ ఇంటి వసారాలో చేరేవారు. కోరుట్లలో ఆ గల్లీ పొడుగునా బీడీల పనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. బీడీ చుట్టే తునికాకును ముందే తడిపి తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. ఆకు ఆరిందా, కత్తెర పెట్టగానే చిట్లిపోతుంది. అందుకని ప్రతి చాట పక్కనా ఒక చెంబు, చెంబు నిండా నీళ్ళు, ఊ అంటే ఆకు మీద చిలకరింపు. ఆ చెంబెత్తి గొంతులో పోసుకున్న మనిషి మాత్రం ఆ వసారాలో కనబడేది కాదు.

ఎందుకంటారా? వాళ్ళకొక పందెం ఉండేది. పొద్దున కూర్చున్నాక ఎవరు ముందు లేస్తే వాళ్ళే అందరి చెత్తా ఊడ్వాలి. పైకి నవ్వులాట. అసలు సంగతి నవ్వులాట కాదు. ఆ గల్లీలో ఒక్క ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళు వాగు దిక్కు పోతే తెల్లవారక ముందే పోవాలి, మళ్ళీ పొద్దుగూకాకనే పోవాలి. నడుమ ఎంత కష్టమైనా బిగబట్టుకోవాలి. బిగబట్టుకోవాలంటే నీళ్ళు తాగకూడదు. ఆ బాధకే పందెమని పేరు పెట్టుకుని నవ్వుకునేవారు, అంతే తల్లీ!

ఆ పందెంలో ఏనాడూ ఓడని మనిషి సత్తమ్మ కోడలు అనసూర్య.

"నా కోడలు కూసున్నదంటే కూసున్నదే! పొద్దుగూకేదాకా కదలది" అని సత్తమ్మ గల్లీకంతా వినబడేలా చెప్పుకునేది.

పక్కింటి ఖాజాబీ ఊరుకునే మనిషి కాదు. "మంచిగున్నది సత్తక్కా, రాతిబొమ్మను తెచ్చుకున్నవ్. జర బొట్టు పెట్టి కొబ్బరికాయ గూడ కొట్టు."

"నీ నోట్ల మన్నువడ! దిష్టి పెట్టకే."

అనసూర్య తలెత్తకుండా నవ్వేది. అత్త పొగడ్త ఆమెకు చల్లటి నీళ్ళకన్నా తియ్యగా ఉండేది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, బీడీ చుడుతూ చుడుతూ అనసూర్య ఒక్కసారి ముందుకు ఒరిగింది. చాట బోర్లపడింది. తంబాకు వసారా అంతా చల్లుకుపోయింది.

"ఓ అత్తా! నడుముల కత్తి దింపినట్టయితుందే! సచ్చిపోతున్ననే!"

నడుము నుంచి పొత్తికడుపు దాకా పోటు. కూర్చోలేదు, పడుకోలేదు, ఒకటే వాంతులు. గాలి సోకిందన్నారు ఒకరు, దిష్టన్నారు ఇంకొకరు. మగ్గం దిగి ఉరికి వచ్చిన కొడుకు హనుమంతుతో సత్తమ్మ, "మంత్రమేసేటాయన్ని పిలువు బిడ్డా" అన్నది.

"మంత్రం ఎనుక ఏపియ్యి, ముందుగాల బస్సెక్కియ్యి" అని ఖాజాబీ అడ్డం పడింది. "ఒంటికి పోతే ఎర్రగ వస్తున్నదని మొన్ననే నాతోని చెప్పింది."

"నీతోని చెప్పిందా? నాకు చెప్పలేదేందే?"

"నువ్వు పొద్దుమాపు పొగుడుతుంటివి సత్తక్కా. ఏ నోటితోని చెప్తది?"

సత్తమ్మ కోడలిని లేపి బస్సు దిక్కు నడిపించింది.

కరీంనగర్ పెద్ద దవాఖానాలో సూది వేస్తే పోటు కొంచెం తగ్గింది. ఫొటో తీసి చూసిన డాక్టరు, మూత్రపిండంలో పుట్టిన రాయి కిందికి జారిందని చెప్పాడు.

"చిన్నదే. నీళ్ళు బాగా తాగితే దానంతట అదే పడిపోవచ్చు. మూత్రం గుడ్డలో వడగట్టి చూసుకోండి. జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే తీసుకురండి. అప్పుడు కోసి తీయాలి. ఆలస్యం చేస్తే మూత్రపిండమే పాడైపోతుంది" అన్నాడు. తరువాత అనసూర్య దిక్కు తిరిగి, "నీళ్ళెందుకు తాగవమ్మా?" అని అడిగాడు.

అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తాగుమంటే తాగుత దొరా. తాగినంక ఏడికి పోవాలె?"

ఆ ప్రశ్నకు డాక్టరు దగ్గర మందు లేదు. సత్తమ్మ తల దించుకుంది.

ఇంటికి వచ్చేసరికి పెరటి కొట్టంలో బర్రె గోలెంలో మూతి ముంచి కుడితి తాగుతున్నది. వసారాలో తునికాకు తడిగుడ్డలో చల్లగా పడుకుని ఉన్నది. సత్తమ్మ దాన్ని చూసింది, దీన్ని చూసింది. గబగబా పోయి బర్రె పలుపు విప్పింది.

"దాన్నెందుకు ఇడుస్తున్నవే అవ్వా?" అన్నాడు హనుమంతు.

"కొట్టంల సగం నీ పెండ్లానికి. గుంత తవ్వు, తడకలు కట్టు."

"ఇంట్ల దొడ్డా? ఇల్లు మైలవడుతది. నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురికి వచ్చిందారా రాయి? బర్రెకు కొట్టమున్నది, కడుపునిండ కుడితున్నది. ఆకుకు తడి ఉన్నది. నీ పెండ్లానికి ఏమున్నదిరా ఈ ఇంట్ల? తవ్వుతవా, నన్ను తవ్వుమంటవా?"

హనుమంతు గడ్డపార అందుకున్నాడు! బావికి దూరంగా గుంత తవ్వాడు, తాటాకు తడకలు కట్టాడు. పోయి వచ్చినప్పుడల్లా చల్లడానికి బూడిద గంప పెట్టాడు. ఖాజాబీ తన పాత దుప్పటి తెచ్చి పరదా కట్టింది. కట్టి ఊరుకుందా! పొలాల గట్లు తిరిగి పిండికూర కూడా కోసుకొచ్చింది. రాళ్ళను కరిగిస్తుందని పెద్దలు చెప్పే ఆకు అది. ఇక సత్తమ్మ ఉలవలు ఉడకబెట్టి కట్టు తీసింది, మజ్జిగ పలుచగా చిలికింది, నిమ్మకాయ పిండింది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడని మామిడికాయ తొక్కు జాడీని అటకెక్కించి నిచ్చెన తీసేసింది.

"అత్తా, జరంత తొక్కు..."

"తొక్కు లేదు, గిక్కు లేదు. తాగు! చెంబు బోర్లించి చూపియ్యి."

కానీ రాయి పడలేదు. పోటు వచ్చేది, పోయేది. మరోసారి నడుము పట్టుకుని అనసూర్య మెలికలు తిరిగినప్పుడు, "పొద్దుగాల దవాఖానకు పోవుడే" అని హనుమంతు బట్టలు మూట కట్టాడు. సత్తమ్మ దేవుని ముందు కూర్చుని, "కత్తి పెట్టనియ్యకు తండ్రీ" అని దండం పెట్టింది.

తెల్లవారింది. బస్సు వేళవుతుండగా తడకల వెనుక నుంచి కేక! "అత్తా! పడ్డదే!"

సత్తమ్మ కొంగు జారుతున్నా చూసుకోకుండా గల్లీలోకి ఉరికింది. "పడ్డది! పడ్డది!"

"ఏం పడ్డదే, గోడనా?" అన్నారెవరో.

"గోడ గాదే, నా కోడలి రాయి!"

గల్లీ అంతా ఉరికొచ్చింది! కడిగి తునికాకు మీద పెట్టి చూపించింది సత్తమ్మ. ఆవగింజకన్నా కొంచెం పెద్దది, పల్లేరుకాయ లెక్క ముండ్లు.

"గింత దానికి గంత లొల్లి చేసినవా పిల్లా!" అని ఖాజాబీ నవ్వుతూనే కండ్లు తుడుచుకుంది. "చూసినవా సత్తక్కా, నా పిండికూర!"

"నీ పిండికూర గాదు, నా ఉలవకట్టు!"

"మీ ఇద్దరి మందులు సరేగని, నేను తాగిన కడవల నీళ్ళ ముచ్చటేందే?" అన్నది అనసూర్య. "ఈ తడకలు లేకుంటే ఆ కడవలు తాగుతుంటినా?"

ఆ మాటలో ప్రతి ఒక్కరికీ తమ నడుమునొప్పి కనబడింది.

ఆ మరునాడు వసారాలో పందెం తిరగబడింది, సత్తమ్మ పెరటి తడకలు అందరికీ తెరుచుకున్నాయి. మధ్యాహ్నానికి ఎవరి చెంబులో నీళ్ళు మిగిలితే వాళ్ళే చెత్త ఊడ్వాలి! వానలు పడేలోపు గల్లీలో ఇంటింటికీ తడకలు లేచాయి. అందరికన్నా ముందు లేచి నడిచేది ఇప్పుడు అనసూర్యే. సత్తమ్మ దానికీ గల్లీకంతా వినబడేలా మురిసిపోయేది. కొత్తగా కోడలిని తెచ్చుకున్న ప్రతి ఇంటికీ పోయి, ఆమె చెప్పి వచ్చే మాట ఒక్కటే. మీకూ అదే చెబుతున్నాను, మరువకండి.

"ఆకు ఆరితే చిట్లుతది, మనిషి ఆరితే రాయి పుడుతది. కోడలికి నీళ్ళు తాగుమని ఎనుక చెప్పుండ్రి, ముందుగాల ఆమెకు చాటు కట్టుండ్రి."