ఒంటికన్ను కాకి

ప్రొద్దుటూరు హైస్కూల్లో తెలుగు పండితుడు దక్షిణామూర్తికి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలల్లో ఎన్ని నీళ్లు కలిశాయో తేలేదాకా ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు. ఎవరైనా మంచి పద్యం రాసి తెచ్చి చూపిస్తే, తల ఓ పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, రెండో కంటితో మనిషిని కిందికీ మీదికీ చూసి, "ఊఁ... ఇది నీదేనా?" అనేవాడు. ఆ మాట విన్నవాడు మళ్లీ ఆ గడప తొక్కేవాడు కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజులు. మద్రాసు నుంచి వచ్చే వారపత్రికలో 'నీడల శిస్తు' అనే నవల సీరియల్‌గా వస్తోంది. కొండ లోపల ఒక రాజ్యం. దాని రాజుకు నీడ లేదు. తనకు లేనిది జనానికెందుకని, ఊరూరా అమీనాలను పంపి మనుషుల నీడలను శిస్తు కింద జప్తు చేయిస్తాడు. నీడ పోయిన మనిషికి తన పేరు గుర్తుండదు. గవ్వలమ్మ అనే పిల్ల తల్లి నీడను విడిపించుకు రావడానికి కొండలోకి బయల్దేరుతుంది. లోపల ఏడు వాకిళ్లు, వాకిలి వాకిలికీ ఓ గండం.

ఆ కథ ప్రొద్దుటూరును పట్టుకున్న తీరు ఇంతా అంతా కాదు. మగ్గాల వీధిలో ఒకడు పైకి చదువుతుంటే చుట్టుపక్కల మగ్గాలన్నీ చప్పుడాపి వినేవి. ఒక నేతగాడు ఏడు వాకిళ్ల అంచుతో చీర నేస్తే నెల తిరక్కుండా వీధి వీధంతా అదే అంచు నేసింది. పిల్లలు ఎండలో ఒకరి నీడ ఒకరు తొక్కి, "నీ నీడ జప్తు!" అని పరుగులు తీసేవారు. దక్షిణామూర్తి ఇంట్లోనే, పత్రిక రాగానే భార్య సుబ్బలక్ష్మి పొయ్యి మీది పప్పును దాని మానాన వదిలేసి గడప మీద కూర్చుని చదువుకునేది. ఒక్కోసారి చదువుతూ చదువుతూ ఆయన వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

"ఏంది ఆ నవ్వు?" అనేవాడు ఆయన.

"ఏం లేదులెండి. కాకి" అనేది.

దక్షిణామూర్తి ఆ సీరియల్ చదివేవాడు కాదు. అక్కడక్కడా చెవిన పడిందే ఆయనకు తెలుసు. ఆయన పదేళ్లు కష్టపడి రాసిన ప్రబంధాన్ని అచ్చేసినవాడు లేడు. ఈ 'నీడల శిస్తు' రాసిందేమో జమ్మలమడుగు తాలూకా ఆఫీసులో యాభై దాటిన గుమాస్తా గురురాజారావు. నలుగురిలో నిలబెడితే నాలుగు మాటలు కూడగట్టుకోలేని మనిషి. ఇంత కథ వాడి తలలో పుట్టిందంటే దక్షిణామూర్తికి నమ్మకం కుదరలేదు. ఇంగ్లీషు నవలేదో దించేసి ఉంటాడని కడప పోయి లైబ్రరీలో దుమ్ము దులిపి వచ్చాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. పైపెచ్చు ఊరి పెద్దలు వచ్చి, నవల పూర్తి కాగానే రచయితకు సన్మానం చేస్తున్నామనీ, అధ్యక్షత మీదేననీ చెప్పిపోయారు.

ఆ వారంలోనే బస్టాండులో పులివెందుల చీనీకాయల వ్యాపారి అల్లాబక్ష్ ఎదురయ్యాడు. మాటల్లో సీరియల్ మాట వచ్చింది.

"ఆ కతనా అయివారూ?" అన్నాడు అల్లాబక్ష్, గంప మీద గోనెపట్ట సర్దుతూ. "మా వీదిలో గులాబ్‌బీ చెప్తాది గదా. బొంతలు కుడతా కుడతా చెప్తాది. వాళ్ల దాదీ కాలం నాటి కతంట."

దక్షిణామూర్తి మరుసటి ఆదివారం పొద్దున్నే పులివెందుల బస్సెక్కాడు.

గులాబ్‌బీ పండు ముసలిది. వేపచెట్టు నీడన పాత చీరలు పరుచుకుని బొంత కుడుతోంది. ఆమె కోడలు మెహరున్నీసా పక్కనే సూదుల్లోకి దారం ఎక్కించి ఇస్తోంది. గొడుగు చంకన పెట్టుకుని వచ్చిన కొత్త మనిషిని చూసి ముసలామె ముందు నమ్మలేదు.

"ఎవురప్పా నువ్వు? జనాబా లెక్కలోనివా? మా ఇంట్లో మనుసులు ఎంతమందో మొన్ననే రాసుకోనిపోయిరి."

"కాదమ్మా, అయివారిని. ప్రొద్దుటూరు. నీడ లేని రాజు కథ నువ్వు బాగా చెప్తావంటే విందామని వచ్చినా."

"కత వినేదానికి ప్రొద్దుటూరు నుంచి వచ్చినావా? ఇంట్లో పనేం లేదా?" అంది కానీ, మొహం విచ్చుకుంది. సూది ఆపకుండా మొదలుపెట్టింది. కొండ వచ్చింది, రాజు వచ్చాడు, అమీనాలు నీడలకు జమాబందీ రాశారు, గవ్వలమ్మ బయల్దేరింది. మొదటి వాకిట్లో ఒంటికన్ను కాకి అడ్డం తగిలింది. గులాబ్‌బీ సూది పక్కన పెట్టి, తల వాల్చి, ఒక కన్ను మూసి, గొంతు మార్చి, "ఊఁ... ఇది నీదేనా?" అంది. పక్కన మెహరున్నీసా పకపకా నవ్వింది. దక్షిణామూర్తి నవ్వలేదు. ఆయన దృష్టి వేరేచోట ఉంది.

"ఈ కథ నీకెవరు చెప్పినారమ్మా?"

"మా దాదీ, ఖమర్‌బీ. ఇంకెవురు చెప్తారు?"

అంతే చాలనుకుని, నీళ్లయినా తాగకుండా లేచాడు. మెహరున్నీసా ఏదో చెప్పబోయి అత్త మొహం చూసి ఊరుకోవడం ఆయన గమనించాడు గానీ, దొంగ దొరికిన సంబరంలో పట్టించుకోలేదు.

ముద్దనూరు మీదుగా బస్సు జమ్మలమడుగు చేరేసరికి మధ్యాహ్నమైంది. గురురాజారావు బనీను మీద, వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాడు. పండితుణ్ణి చూసి కంగారుగా లేచి, కండువా భుజాన వేసుకుని, "విశాలాక్షీ, మూర్తిగారొచ్చారు, మంచినీళ్లు" అని లోపలున్న భార్యను కేకేశాడు.

"నీళ్లొద్దు. పులివెందుల నుంచి వస్తున్నా. నీ కథ అక్కడ గులాబ్‌బీ అనే ఆమె చెప్పగా విన్నా. అది వాళ్ల నాయనమ్మ చెప్పిన కథంట. రాజు, శిస్తు, కాకి, అన్నీ ఉన్నాయి. ఏమంటావు?"

గురురాజారావు మొహం ముందు పాలిపోయింది. తర్వాత ఎందుకో విప్పారింది.

"కాకి కూడా ఉందా?"

"ఉంది. ఒంటికన్నుది. ఇట్లా తల వాల్చి, 'ఇది నీదేనా' అంటుంది."

"మూర్తిగారూ, అయితే అది వాళ్ల నాయనమ్మది కాదు."

"ఎట్లా చెప్తావు?"

గురురాజారావు కింద పడ్డ చెనక్కాయల తొక్కలు ఏరసాగాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "ఎనిమిదేళ్ల కిందట నేను నా పద్యాలు పట్టుకుని మీ ఇంటికొచ్చాను. మీకు జ్ఞాపకం ఉండదు. మీరు అట్లాగే తల వాల్చి, ఒక కన్ను మూసి, ఆ మాటే అన్నారు. ఇంటికొచ్చి పద్యాలన్నీ పొయ్యిలో పెట్టాను. తప్పుగా అనుకోకండి. ఆ కాకి... మీరే."

దక్షిణామూర్తికి సుబ్బలక్ష్మి కొంగు చాటు నవ్వు గుర్తొచ్చింది. మగ్గాల వీధిలో తను పోతుంటే ఎవరో 'కావ్' మనడం, తను తిరిగి చూస్తే అందరూ నూలు సర్దుకోవడం గుర్తొచ్చింది. ఊరంతటికీ తెలుసు. తనకొక్కడికే తెలీదు.

"అయితే ఆ ముసలామె అబద్ధం చెప్పిందన్నమాట" అన్నాడు గొడుగు చంకన పెట్టుకుంటూ. "పద. ఆమె ముందరే తేల్చుకుందాం."

మరుసటి ఆదివారం ఇద్దరూ కలిసి పులివెందుల పోయారు. ఈసారి మెహరున్నీసాయే ఎదురొచ్చి వాకిట్లో ఆపింది.

"మొన్న చెప్పల్లనుకున్యా అయివారూ, అత్తమ్మ ఉండాది గదా అని చెప్పలేదు. పత్రిక నేనే తెప్పించుకుంటా. బొంత కుట్టేటప్పుడు పైకి చదువుతా. అత్తమ్మ ఇనేసి మళ్లా అందరికీ చెప్తాది."

దక్షిణామూర్తికి చిక్కు విడిపోయింది. కాస్త చప్పగా కూడా అనిపించింది. ఇంత తిరిగింది ఇందుకా? అయితే లోపలి నుంచి గులాబ్‌బీ అంతా వింది.

"ఏంది, నా మీద చాడీలు చెప్తాండావా? కాకి నీ పత్రికలోదే. బాగుండాదని పెట్టుకున్యా. ఆ పిల్ల గవ్వలమ్మ గూడా పత్రికదే. కానీ రాజు మా దాదీ రాజు. కొండ లోపల ఉండేటోడు, నీడ లేనోడు, ఊరోళ్ల నీడలు ఎత్కపోయేటోడు. నేను గౌను తొడుక్కునే వయసులో ఇన్యా. పత్రికోళ్లు యాడ ఎత్కచ్చినారో వాళ్లను అడగండి."

దక్షిణామూర్తి చటుక్కున గురురాజారావు వైపు తిరిగాడు. ఆయన ఆ వేపచెట్టు మొదట్లో చతికిలబడి ఉన్నాడు.

"అమ్మా, మీ దాదీ ఏం పని చేసేది?" అని అడిగాడు గురురాజారావు.

"ఇండ్లకు పాలు పోసేది. కోట వీదిలో అయ్యగార్ల ఇండ్లకంతా ఆమే. యాడ కూసుంటే ఆడ పిల్లోళ్లను పోగేసి కతలు చెప్పేది."

"మా నాయన ఇక్కడ గుడి పూజారి" అన్నాడు గురురాజారావు నెమ్మదిగా. "నాకు ఆరో ఏడు వచ్చేదాకా కోట వీధిలోనే ఉన్నాం. పాలు పోసే ఒక ముసలామె ఉండేది. మొహం జ్ఞాపకం లేదు. చేతికి పచ్చగాజులు. అంతే గుర్తుంది."

"పచ్చగాజులే. సచ్చేదాకా అవే ఏసుకునింది" అంది గులాబ్‌బీ.

తిరుగు ప్రయాణంలో ముద్దనూరులో బస్సు మారేటప్పుడు గురురాజారావు, "తాలూకా ఆఫీసులో శిస్తు పద్దులు రాస్తుంటే ఒకనాడు ఉన్నట్టుండి ఆ రాజు తలలోకొచ్చాడు. నాదే అనుకున్నాను మూర్తిగారూ" అన్నాడు. ఇన్నాళ్లూ ఎదుటివాడి నోట ఏ మాట వినాలని దక్షిణామూర్తి ఉవ్విళ్లూరాడో, ఆ మాట వినబడ్డాక ఆయనకు నోరంతా చేదయింది.

ఆ తర్వాతి సంచికలో సీరియల్ రాలేదు. ఆ పై సంచికలోనూ రాలేదు. గవ్వలమ్మ ఆరో వాకిట్లో, తన పేరు తనకు గుర్తులేకుండా నిలబడి ఉంది. రచయితకు ఒంట్లో బాగాలేదని పత్రికవాళ్లు వేశారు. మగ్గాల వీధిలో పుకార్లు లేచాయి. సుబ్బలక్ష్మి మాత్రం మొగుడి వైపు సూటిగా చూసింది.

"మీరు పోయొచ్చిన తర్వాతే గదా ఆగింది. ఏమన్నారు ఆయన్ని?"

దక్షిణామూర్తి పాత సంచికలన్నీ అటక మీంచి దింపించి, మొదటి నుంచీ చదివాడు. కాకి దగ్గర ఉక్రోషం వచ్చింది, రెండుసార్లు నవ్వూ వచ్చింది. ఆరో వాకిలి దగ్గరికి వచ్చేసరికి, తర్వాతేమైందో తెలీకపోతే నిద్ర పట్టదన్నంత పనైంది. జమ్మలమడుగు పరుగెత్తాడు.

గురురాజారావు చిక్కిపోయాడు. కలం పట్టుకుంటే చాలు, ప్రతి వాక్యమూ ఎవరిదోలా అనిపిస్తోందన్నాడు. "రాజు నాది కానప్పుడు పిల్ల మాత్రం నాదని ఎట్లా నమ్మేది? ఎవరో అమ్మ ఎప్పుడో చెప్పిందే అయ్యుంటుంది." దక్షిణామూర్తి శాస్త్రాలు చెప్పాడు, ప్రమాణాలు చూపించాడు, చివరికి బతిమాలాడు. గురురాజారావు తల వాల్చి, ఒక కన్ను సగం మూసి ఆయన్ని చూశాడు. ఆ చూపు చూసి దక్షిణామూర్తి హడలిపోయాడు. తన జబ్బు వీడికి అంటింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. పులివెందుల పోయి గులాబ్‌బీకి సంగతంతా చెప్పాడు. చెప్పడమే ఆలస్యం, ఆమె భగ్గుమంది.

"ఆపేసినాడా? ఎందుకు ఆపల్ల? వీదంతా నన్ను పీక్కతింటాండారు, ఆ పిల్ల ఏమాయె, ఆ పిల్ల ఏమాయె అని! పద, నేనే అడుగుతా."

మెహరున్నీసా చెయ్యి పట్టుకుని ఆ ముసలామె బస్సెక్కింది. జమ్మలమడుగులో విశాలాక్షి ఎదురెళ్లి వసారాలో చాప పరిచింది. గులాబ్‌బీ చాప మీద కూర్చోలేదు. గురురాజారావు ఎదట నిలబడింది.

"ఇదో సామీ, ఇను. మా దాదీ కతలో రాజు నీడలన్నీ కొండలో దాచిపెట్టి పండుకుంటాడు. ఆడికి కత అయిపోయె. మేం ఏడుస్తా పండుకుంటాంటిమి. ఆ నీడలు ఇడిపించేదానికి ఎవురన్నా పోయినారా అని అడిగితే, 'ఎవురు పోతారే, ఎవురూ పోలేదు' అనేది మా దాదీ. ఆ పిల్ల లేదు మా కతలో. తెచ్చినోడివి నువ్వు. కొండలోకి తోలినోడివి నువ్వు. ఆడ నిలబెట్టి ఈడ కూసున్యావే, ఆ పిల్లను ఇంటికి ఎవురు తెస్తారు? నేను తెచ్చల్లనా?"

గురురాజారావు ముందుకు జరిగాడు.

"ఎవరూ పోలేదని అనేదా?"

"ఖుదా మీద ఒట్టు."

ఆయన కళ్లు తుడుచుకోలేదు, అవి వాటి పాటికి కారాయి. "నేనూ ఏడ్చే ఉంటాను" అన్నాడు. లేచి లోపలికి పోయాడు. కలం వెతుకుతున్న చప్పుడు వినిపించింది. విశాలాక్షి అందరికీ బొరుగుల ఉగ్గాని పెట్టింది. గులాబ్‌బీ అప్పుడు కూర్చుంది.

రెండు నెలలకు నవల పూర్తయింది. గవ్వలమ్మ నీడలన్నిటినీ విడిపించింది గానీ, రాజుకు నీడ ఇచ్చిందా లేదా అనే దాని మీద మగ్గాల వీధి రెండుగా చీలి కొట్లాడుకుంది. పుస్తకం అచ్చయినప్పుడు మొదటి పేజీలో 'పాలు పోసిన ఖమర్‌బీకి' అని వేయించాడు గురురాజారావు.

సన్మానం రోజు గులాబ్‌బీ, మెహరున్నీసా ముందు వరసలో కూర్చున్నారు. దక్షిణామూర్తి అధ్యక్షోపన్యాసానికి లేచేసరికి వెనక నుంచి ఎవడో 'కావ్' మన్నాడు. సభంతా బిగుసుకుపోయింది.

"ఆ కాకిని నేనే" అన్నాడు దక్షిణామూర్తి. "ఈ నవలకు రచయిత ఎవరికైనా బాకీ ఉన్నాడంటే అది ఖమర్‌బీకి. నాక్కూడా కొంచెం ఉన్నాడు." నవ్వులకు పందిరి ఊగిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది సుబ్బలక్ష్మి.

సభ అయ్యాక ఆడవాళ్లను బస్సెక్కించడానికి ఆయనే పోయాడు. బస్సు కదలబోతుండగా జబ్బు ఊరుకోలేదు. కిటికీ దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు.

"అవునమ్మా, మీ దాదీకి ఆ కథ ఎవరు చెప్పినారు?"

గులాబ్‌బీ విసుక్కుంది. "ఆమెనే అడగల్లంటే గోరీ కాడికి పో అయివారూ, దావ మెహరున్నీసా చూపిస్తాది" అని, కిటికీ బయట పెట్టిన ఆయన చెయ్యి తట్టి, "పో, పొద్దుపోతాంది, ఇంట్లో ఆయమ్మ ఎదురు చూస్తా ఉంటాది" అంది.