కుదుళ్లూ కొసలూ

మా ఆఫీసులో నా పని చింతించడం. వేళాకోళం కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ కాదన్న ప్రతి మనిషికీ ఒక ఉత్తరం వెళ్లాలి కదా, అది రాసేదాన్ని నేను. "మీ అభ్యర్థనను ఆమోదించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము" అని మొదలై, కింద నా సంతకంతో ముగిసేది. కిటికీ లేని గదిలో, ఏసీ గాలి సరిగ్గా మెడ మీద కొట్టే కుర్చీలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం ఏళ్ల తరబడి చింతించాను. నిజానికి ఒక్కసారి కూడా చింతించలేదు. టీ తాగుతూ రాసేదాన్ని.

మా చెల్లి నాకు పూర్తిగా ఎదురు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి, అందుకే దాన్ని సుడిగాలి అనేదాన్ని. అమ్మానాన్నలు పోయాక, నా పెళ్లి చెడి నేను తిరిగొచ్చాక (అది వేరే కథ, చెబితే ఆవలింతలొస్తాయి) ఆ రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే. సాయంత్రం నేను మొహం వేలాడేసుకుని రాగానే చెల్లిది ఒకటే పోరు, ఆ ఉద్యోగం మానెయ్యమని. మానేసి ఏం చెయ్యనే అంటే, ఏదో ఒకటి చెయ్యి, నీ చేతులు ఎలాగూ ఊరుకోవు కదా అనేది. అదీ నిజమే. ఆఫీసులో కాగితాల క్లిప్పులను కూడా గొలుసుల్లా అల్లేసేదాన్ని.

"నువ్వు బ్రేకు మీద కాలు పెట్టుకునే పుట్టావక్కా," అనేది. "ఇంజను ఆడుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు."

నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. ఈ ఇంటి అద్దె నీ కబుర్లతో కడదామా అని అడిగేదాన్ని. అది నవ్వుకుంటూ జడ ముడేసుకుని స్నానానికి పోయేది.

ఆ జడ గురించి చెప్పాలి. నడుం దాటి, నా మణికట్టంత లావు. స్నానాల గది తూము వారం వారం మూసుకుపోయేది. నేను పుల్లతో వెంట్రుకల ఉండలు లాగి దాని మొహం ముందు ఆడిస్తూ, ఇంకోసారి ఇలా అయితే నిద్రలో కత్తిరించేస్తానని బెదిరించేదాన్ని. నోరు కాదది, నాది.

చెల్లికి జబ్బు చేసింది. ఏ జబ్బో చెప్పక్కర్లేదు, మందు ఎక్కిస్తే జుట్టు రాలిపోతుందన్నారంటే మీకే తెలుస్తుంది. డాక్టరు చెప్పిన మిగతా భయాలన్నీ గుడ్లు మిటకరించి విన్న మనిషి, జుట్టు మాట దగ్గర తల దించుకుంది. ఇంటికొచ్చాక, రాలకముందే కోసెయ్యమంది. దానితోనే విగ్గు చేయించుకుంటానంది. వంటింటి కత్తెర తెచ్చాను. కొయ్యబోతే ఆగమని, జడ విప్పేసి, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. ఇక ఇలాగే కోసెయ్యి అంది. విరబోసిన జుట్టునే కోశాను. పాయలు పాయలుగా నేల మీద పడుతుంటే ఇద్దరం ఏడుస్తూ ఎత్తి దిండు గలీబులో కూరాం. మేం చేసిన పొరపాటు అదే. మాకు తెలియలేదు.

బట్టల దుకాణం పైన మేడ గదిలో ఒక విగ్గులావిడ ఉందని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. గదినిండా చెక్క తలలు, వాటి మధ్య ఆవిడ. గలీబులోంచి ఒక గుప్పెడు తీసి వేళ్లతో నిమిరిందో లేదో, అగ్గి మీద గుగ్గిలమైంది. జడగా ఉన్నప్పుడే మొదలు దగ్గర గట్టిగా కట్టి కొయ్యాలట. కుదుళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉండాలట. వెంట్రుకకు కంటికి కనిపించని పొలుసులుంటాయి, అవన్నీ కొస వైపు వాలి ఉంటాయి. తలకిందులైనవి కలిశాయంటే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దయిపోతాయి, దువ్వెనలు విరగాల్సిందే. పైగా తనకు చూపు ఆనడం లేదు, ఇంత జుట్టు ఏరడం తన వల్ల కాదు అంటూ గలీబు మూతి ముడిచి నా చేతికిచ్చేసింది.

నేను లేచాను. చెల్లి లేవలేదు.

"ఎలా ఏరాలో చెప్పండి పెద్దమ్మా," అంది. "మా అక్కకు చేతులు ఊరుకోవు."

ఆవిడ కాసేపు గొణిగి, ఒక వెంట్రుక తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. ఆ వెంట్రుక దానంతట అదే మెల్లగా ఒక పక్కకు పాకింది. ఎటు పాకితే అటు కుదురు, అంతే, అంది. చెల్లి కూడా ఒకటి తీసి నలిపింది. అదీ పాకింది. జబ్బు సంగతి తెలిసినప్పటినుంచీ దాని మొహంలో లేని నవ్వు అప్పుడొచ్చింది.

"దీనికి ఇల్లు ఎటో తెలుసక్కా."

ఇక మాకదే పని. తెల్ల తువ్వాలు పరుచుకుని ఏరడం. చెల్లికి మందు ఎక్కుతుంటే మంచం పక్కన నేను ఏరేదాన్ని, ఖాళీగా ఉన్న రెండో చేత్తో అది ఏరేది. ఆఫీసులో బల్ల సొరుగు కొద్దిగా లాగి, ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య ఏరేదాన్ని. ఏరినవాటిని చిన్న కట్టలు కట్టి, కుదురు వైపు ఎర్రదారం చుట్టేవాళ్లం. నా ముడులు నున్నగా ఉండేవి. దాని ముడులు చూస్తే నవ్వొచ్చేది, బూటు తాడు కట్టినట్టు రెండు చెవులతో కట్టేది. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని మాటలు ఆ తువ్వాలు ముందు మాట్లాడుకున్నాం. నా మొగుణ్ని మొదటి రోజు నుంచీ భరించలేకపోయేదట. అప్పుడే చెప్పి చావొచ్చు కదే అన్నాను.

ఆఫీసు అయ్యాక మేడ గదికి వెళ్లి అల్లడం నేర్చుకున్నాను. చెక్క తల మీద సన్నటి వల బిగించి, సూదంత కొక్కెంతో ఒక్కో వెంట్రుకనూ వల కంతలోంచి లాగి ముడెయ్యాలి. మొదట్లో వేసిందానికన్నా విప్పిందే ఎక్కువ. ఆవిడ తిట్టని తిట్టు లేదు. అయినా సాయంత్రం ఎప్పుడవుతుందా అని కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేదాన్ని. చెల్లికి ఓపికున్న రోజు తలకు గుడ్డ కట్టుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని చూసేది. అలాంటి ఒక రోజున అంది.

"అక్కా, నువ్వు కూనిరాగం తీస్తున్నావు."

లేదన్నాను. విగ్గులావిడ వైపు చూస్తే, ఆవిడ రోజూ ఇదే గోల అన్నట్టు తలాడించింది.

"ఆఫీసునుంచి వచ్చి ఎప్పుడైనా తీశావా? మానెయ్యక్కా. నేనుండగా మానెయ్యి. నాకు చూడాలనుంది."

నేనుండగా అన్న మాట వినలేదన్నట్టు కొక్కెం వైపు చూస్తూ కూర్చున్నాను. "ముందు ఇది పూర్తి కానీ," అన్నాను. "నువ్వు దీన్ని పెట్టుకుని కారెక్కిన రోజు మానేస్తాను. ఒట్టు."

అది నా వైపు చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేశాను. వేళ్లు పుల్లల్లా ఉన్నాయి.

ఆ తరువాత దాని ఒంట్లో ఓపిక, వల మీద ఖాళీ పోటీపడి తగ్గుతూ వచ్చాయి. సెలవు అడిగాను. మా మేనేజరు మెత్తని మనిషి, మెత్తగానే కోస్తాడు. ఈ నెల కష్టమండీ, వచ్చే నెల చూద్దాం అన్నాడు. మెడ దగ్గర నాలుగు వేళ్ల మేర తప్ప అంతా నిండిన రోజు, చెల్లి ఇక ఆగలేనంది. చెక్క తల మీదనుంచి తీసి, ఇంటికి తెచ్చి దాని తలకు పెట్టాను. అద్దంలో చూసుకుని, జుట్టు ముందుకేసుకుని, మళ్లీ వెనక్కి విసిరింది, పాత పొగరుతోనే. వెనక వల కనిపిస్తోంది.

"మెడ దగ్గర బోసిగా ఉందే, ఇంకొన్నాళ్లు ఆగు," అన్నాను.

"వెనకనుంచి నన్నెవరు చూస్తారక్కా? నేను ఎదురొచ్చే మనిషిని."

తియ్యొద్దు, కాసేపు ఉండనీ అంది. దానితోనే పడుకుంది. పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరినప్పుడు కూడా తలమీద అలాగే ఉంది. నిద్రలో ఉందని లేపలేదు. పక్కింటావిడ ఫోను చేసేసరికి నేను ఎవరికోసమో చింతిస్తున్నాను. ఉత్తరం సగంలో ఉంది.

కడుపుకోత అంటారే, అది కన్నవాళ్లకే ఉంటుందనుకునేదాన్ని. కాదు. విగ్గును అట్టపెట్టెలో పెట్టి, పక్కనే చెల్లి చివరగా ఏరిన కట్ట పెట్టి, రెండు చెవుల ముడి కూడా విప్పకుండా, విగ్గులావిడ అటక మీద పెట్టేసి వచ్చాను. ఇంట్లో ఉంచుకునే గుండె లేదు. మళ్లీ ఆఫీసుకు పోయాను. అది పెట్టుకుని కారెక్కిన రోజు మానేస్తానని కదా ఒట్టేశాను. ఆ రోజు ఇక రాదు కాబట్టి మానేసే పనీ లేదు. అలా అనుకుంటే ఒక రకంగా హాయిగా కూడా ఉండేది. తూము మూసుకుపోవడం లేదు. నీళ్లు గలగలా పోతుంటే వినలేక కుళాయి కట్టేసేదాన్ని.

ఒకరోజు నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. చికిత్సలో జుట్టంతా పోయిన ఒకావిడ విగ్గు ఖర్చు ఇప్పించమని అడిగింది. విగ్గు అలంకరణ వస్తువు కింద లెక్క, ఇవ్వకూడదు. నాకు రూలు కంఠతా వచ్చు. ఉత్తరం కొట్టాను, సంతకం పెట్టాను. పెన్ను అక్కడ ఆగలేదు. సంతకం కింద మేడ గది అడ్రసు రాసి, తప్పకుండా రండి అని రాశాను. మేనేజరు చూశాడు. గదిలోకి పిలిచి, మెత్తగా, ఇది మన పని కాదు కదండీ, చించేసి మళ్లీ రాయండి అన్నాడు.

"ఇన్నేళ్లలో నేను నిజంగా చింతించి రాసింది ఇదొక్కటేనండీ," అన్నాను. "ఇది మన పని కాకపోతే, నాకు వేరే పనుంది."

ఆ ఉత్తరం నేనే పట్టుకెళ్లి పోస్టు డబ్బాలో వేశాను. అక్కడినుంచి సరాసరి మేడ గదికి వెళ్లాను. మెట్లెక్కుతూ అనుకున్నాను. ఈ ఉద్యోగం కొన్నాళ్ల ముందే మానేసి ఉంటే చెల్లి స్టూలు మీద కూర్చుని చూసేది కదా. సంతోషం అనేదేమీ కలగలేదు. కొక్కెం చేతిలోకి తీసుకుంటే చేతులు మాత్రం కుదుటపడ్డాయి. విగ్గులావిడ స్టూలు నా వైపు జరిపింది.

విగ్గు ఖర్చు అడిగినావిడ వచ్చింది. తలకు గుడ్డ, చేతిలో ఉత్తరం. గుమ్మంలోనే నిలబడి ఈ సంతకం ఎవరిదని అడిగింది. నాదేనన్నాను. చెంప పగలగొట్టినా పడదామనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని గుడ్డ అంచు సర్దుకుంటూ చెప్పింది.

"మా పాప నా దగ్గరికి రావడం లేదండీ. తలుపు చాటునుంచి చూస్తోంది."

విగ్గులావిడ టేపుతో తల కొలిచి, కొత్తది చెయ్యాలంటే నెలలు పడుతుందంది. ఆ కొలత నాకు తెలిసిందే, చెల్లిదీ అదే. నా కళ్లు అటక మీదికి పోవడం విగ్గులావిడ కనిపెట్టింది. నన్ను ఏనాడూ మెత్తగా పలకరించని మనిషి దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినబడేలా, అది వద్దులేమ్మా, ఉంచుకో అంది. నేను అటక మీదనుంచి పెట్టె దించాను. వచ్చే వారం రమ్మని పాప తల్లితో చెప్పి పంపించాను.

చెల్లి కట్టిన ముడి ఒక చెవి పట్టుకుని లాగితే ఊడొచ్చింది. ఆ దారం జేబులో వేసుకున్నాను. ఆ కట్ట అది వేళ్లలో పట్టు లేని రోజుల్లో ఏరింది, తప్పులుంటాయని ఒక్కో వెంట్రుకనూ మళ్లీ నలిపి చూశాను. ఒక్కటి కూడా తిరగబడి లేదు. అన్నీ ఇల్లు తెలిసినట్టు అటే పాకాయి. చూపు మసకబారితే కళ్లు తుడుచుకుంటూ మెడ దగ్గర ఖాళీ నింపాను. కూనిరాగం తీస్తున్నానో లేదో చెప్పే మనిషి లేదు.

వారం తిరిగి పాప తల్లి వచ్చింది. పెట్టి, అంచులు సర్ది, అద్దం ముందుకు తిప్పాను. కొసలు చేతిలోకి తీసుకుని నిమిరింది. తరువాత ఇది ఎవరి జుట్టండీ అంది. మా చెల్లిది, కారు నడపడం నేర్పేది అన్నాను. ఆవిడకు అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా దువ్వుకోండి, చిక్కుపడదు అని ఏదో చెప్పాను, ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఆవిడ మెట్లు దిగింది. నేను కిటికీ దగ్గరికి పోయాను. ఆవిడ వీధిలో నడిచి వెళుతోంది, వీపు నా వైపు, నడుం దాటిన జుట్టు అడుగడుక్కీ ఊగుతోంది. నా నోట్లోకి ఒసేయ్ సుడిగాలీ అన్న పిలుపు వచ్చేసింది. పళ్ల మధ్యే పట్టేశాను. పిలిస్తే తిరుగుతుంది, తిరిగితే వేరే మనిషి అయిపోతుంది.

వెనకనుంచి నన్నెవరు చూస్తారక్కా అంది. నేను చూస్తున్నానే, వీధి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.