‘తర్వాత చూద్దాం’ అనే నేను

నేను ఒక ఫోల్డర్‌ని. నా కథ చెప్పుకునే ముందు మా అన్నయ్య మీద నాలుగు మాటలు అనాలి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. వాడి పేరు ‘ముఖ్యమైనవి’. ఒంటికి ఆకుపచ్చ రంగు, పేరుకి ముందు ఒకటో నంబరు. తెర మీద అందరికన్నా పైన కూర్చుంటాడు. రోజుకి ఇరవైసార్లు వాణ్ణి తెరుస్తారు. వాడు పెద్దగా చేసేదేమీ ఉండదు, ఊరికే ముఖ్యంగా ఉంటాడు.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. విశాఖపట్నంలో హిమజ అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ మౌసు నొక్కింది, నేను పుట్టాను. బారసాలకి అయిదు సెకన్లు పట్టింది. మా జాతిలో పుట్టిన ప్రతివాడూ మొదట ‘కొత్త ఫోల్డరే’. ఆవిడ ఆ పేరు చెరిపి నాకు ‘తర్వాత చూద్దాం’ అని పెట్టింది. ఆ ‘తర్వాత’ అనేది ఆరేళ్లుగా రాలేదు.

హిమజ రాసే ప్రోగ్రాములతో ఆసుపత్రి ల్యాబుల్లో రిపోర్టులు అచ్చవుతాయి. ల్యాప్‌టాప్ మార్చినప్పుడల్లా వాడుకలో ఉన్నవాటికి కొత్తదాంట్లో చోటిచ్చి, ఎందుకైనా మంచిదని పాతదాంట్లో ఉన్నదంతా మూటగట్టి నాలో పడేసేది. చుట్టాలు వస్తున్నారనగానే చేతికందినవన్నీ కుక్కేసి, మోకాలితో తలుపు మూసే బీరువా అడుగు అర మీ ఇంట్లోనూ ఉంటుంది కదా, అది నేనే. మూడు నెలల కిందట మూడో మూట కూడా దిగింది. మోత నాది, పేరు అన్నయ్యది.

ఈ మధ్య ఆవిడకి సర్దుడు పిచ్చి పట్టింది. ఫైళ్లు వాటంతటవే గూళ్లలోకి వెళ్లి కూర్చునేలా ఒక ప్రోగ్రామ్ రాస్తోంది. కాలేజీలో లెక్కలు చెప్పే భర్త త్రినాథ్, కాఫీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు.

“ఏటే, మూడ్రోజుల్నించీ ఇదే పనా? చేత్తో సర్దితే గంటలో అయిపోను.”

“చేత్తో సర్దితే నెల తిరక్కుండా చెదిరిపోద్దండి. ఇది ఒక్కసారి రాస్తే జన్మకి చాలు.”

“ముందు ఓ కాపీ తీసుంచు మరి.”

“మీరెళ్లి మీ పేపర్లు దిద్దుకోండి బాబూ. ఇది మా శాఖ.”

“అడుగున పడున్నదేటి? తర్వాత చూద్దామట!”

“చెత్త. సర్దడానిక్కూడా దండగ. రేపు పని కాగానే తీసి పారేస్తాను.”

నేను విన్నాను. అన్నయ్య కూడా విన్నాడు. ఇంకొంచెం ఆకుపచ్చగా కనిపించాడు.

శనివారం పొద్దున్న ప్రోగ్రామ్ నడిచింది. ఫైళ్లన్నీ బారులు తీరి అన్నయ్య ఇంట్లోకి వెళ్లాయి. హిమజ తనకి తనే చప్పట్లు కొట్టుకుంది. ఆపైన నన్ను ఈడ్చుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. అక్కడ ఎవరిదో పెళ్లి శుభలేఖ, మసకబారిన రెండు ఫొటోలు నాకు తోడు. ‘బుట్ట ఖాళీ చెయ్యమంటారా?’ అని తెర అడిగింది. ఆవిడ వేలు ‘అవును’ దాకా వచ్చింది. ఇంతలో ఫోను మోగింది.

ఆఫీసు నుంచి ఉమాపతి. “హిమజా, నెల్లూరు ల్యాబులో రిపోర్టులు ఆగిపోయినాయమ్మా. పేషెంట్లు బారుగా కూచోనుండారు. పోయినేడాది ఇదే తంటా వస్తే నువ్వే గదా సరిచేసింది? ఏమేం చేసినావో చదువు.”

“నోట్సులో ఉంది, ఒక్క నిమిషం,” అంటూ ఆవిడ అన్నయ్యని తెరిచింది.

లోపల ‘నోట్స్’ అనే ఫైలు ఒక్కటే ఉంది. అందులో వాషింగ్ మెషిన్ బాగుచేసే మనిషి ఫోను నంబరు ఉంది.

జరిగింది ఇదీ. పదిహేడు పనులకి వేర్వేరు గూళ్లలో పదిహేడు ఫైళ్లు రాసుకుని, అన్నిటికీ ‘నోట్స్’ అనే పేరు పెట్టుకుంది. ఒకే గూట్లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవు. రెండోది వచ్చి మొదటిదాని మీద కూర్చుంటే మొదటిది మాయం. కూర్చునే ముందు అడగాలని ప్రోగ్రాములో రాయడం మరిచిపోయింది. పదహారింటిని మా అన్నయ్య ఆకుపచ్చగా మింగేశాడు.

నిజం చెబుతాను, నాకు పండగలా ఉంది. నెల్లూరులో జనం రిపోర్టుల కోసం కాచుకున్నారని తెలిసి కూడా.

“హిమజా, ఉండావా?”

“ఉన్నానండీ, ఉన్నాను…” చేతులు చెత్తబుట్ట దాకా వచ్చాయి. నన్ను బయటికి లాగి, మూడో మూట విప్పి గాలించింది. నెల్లూరు నోట్సు చెక్కుచెదరకుండా ఉంది. ఒక్కొక్క వరసే చదువుతుంటే అవతల ఉమాపతి టకటకా కొట్టుకుంటూ పోయాడు.

“వచ్చేసినాయమ్మా! ప్రింటరు కదిలింది!”

ఇక నాకూ ఒక రంగు, ఒక నంబరు వస్తాయనుకున్నాను. ఆవిడ నాలోంచి పదిహేడు నోట్సులూ తీసి, తలో పేరు పెట్టి, తీసుకెళ్లి అన్నయ్యకే అప్పగించింది! మింగినందుకు వాణ్ణి ఒక్క మాట అనలేదు. నాకు దక్కింది మళ్లీ అడుగు అర.

త్రినాథ్ గుమ్మంలోకి వచ్చాడు. “ఫోన్లో ఏటా కంగారు?”

హిమజ తెరకేసి చూస్తూ ఏదో గొణిగింది.

“ఏటీ? వినపళ్లేదు.”

“తప్పు నాదే అన్నాను! కాపీ తియ్యలేదు, పైగా ఉన్న ఒక్క కాపీనీ చెత్తన్నాను. నాదే తప్పు. చాలా, వీధిలోకెళ్లి చెప్పమంటారా?”