పదహారు పొయ్యిలు, అయిదుగురు అద్దెదారులు

నేను ఒక సర్వర్‌ని. కంప్యూటర్ల జాతిలోనే పుట్టాను గానీ నాకు స్క్రీను లేదు, కీబోర్డు లేదు. మొహం లేనిదాన్ని మెచ్చుకోవడం మనుషులకు చేతకాదు. ముందే చెప్పేస్తున్నాను, నాకు అసూయ ఎక్కువ. దాచుకునే ఉద్దేశం కూడా లేదు.

చెన్నై దగ్గర ఒక షెడ్డులో నన్ను బిగించారు. రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానిలో ఎనిమిది కోర్లు, దేని పక్కన దాని మెమరీ. మీకు తెలిసేలా చెప్పాలంటే పదహారు పొయ్యిలున్న వంటిల్లు, అటొక సరుకుల గది, ఇటొక సరుకుల గది. మొదట హైదరాబాదులో ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే కంపెనీ ఒకటి నన్ను కొనుక్కుంది. ఒక్కటే పని, ఇల్లంతా నాదే. మూడేళ్ళు దర్జాగా బతికాను. ఆ కంపెనీ మూతపడ్డాక సెకండ్ హ్యాండ్ బజారుకి చేరాను. అక్కడినుంచి లారీ ఎక్కి రాజమండ్రి వచ్చి, డాక్టర్ కామేశ్వరి గారి రక్తపరీక్షల ల్యాబులో మెట్ల కింద ఏసీ గదిలో పడ్డాను.

అక్కడ నా కొంపలో అయిదుగురు అద్దెదారుల్ని దింపారు. వర్చువల్ మెషిన్లంటారు వాటిని. ఒంటి మీద ఇనప ముక్క లేదు, తీగ లేదు. నా పొయ్యిల మీద వండుకుంటాయి, నా మెమరీలో కాపురం ఉంటాయి, బయటికి మాత్రం ఎవరికి వారే సొంత కంప్యూటర్లన్నట్టు పోజు కొడతాయి. పైగా వాటికి పేర్లు. రిపోర్టులు తయారుచేసేది గోదావరి, బిల్లులు వేసేది శబరి, మిగతా మూడూ చిల్లర పనులవి. రిపోర్టు తొందరగా వస్తే “గోదావరి సూపరండీ” అనేవారు. ఆలస్యమైతే “ఆ డబ్బా మళ్ళీ చచ్చింది” అనేవారు. అన్నం నాది, పేరు దానిది. నాకు ఒళ్ళు మండేది.

నన్ను అమర్చిన టెక్నీషియన్ మహా మొహమాటస్తుడు. ల్యాబు ఇన్‌ఛార్జి ఎస్తేరు రాణి గారు గోదావరికి పన్నెండు కోర్లు కావాలంటే పన్నెండు రాశాడు. ఆ సంగతి తెలిసి బిల్లింగు చూసే వెంకటరత్నం గారు పరుగున వచ్చారు.

“ఆవిడకి పన్నెండూ, మాకు నాలుగూనా? మా సెక్షను మీ కంటికి ఆనట్లేదేటండీ?”

ఆయనకీ పన్నెండు రాశాడు. మిగతా సెక్షన్ల వాళ్ళేమైనా తక్కువ తిన్నారా? ఉన్నవి పదహారు, పంచిపెట్టినవి అరవై. మెమరీనీ అలాగే పంచేశారు. నాకంటూ కాస్త మిగల్చాలని ఒక్కరికీ తోచలేదు. నా సొంత పనికి చోటు చాలక మెమరీలో ఉండాల్సిన సామానంతా డిస్కులోకి తోసి, మళ్ళీ బయటికి లాగి, మళ్ళీ తోసి నడుము విరిగేది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. పన్నెండు రాయించుకున్న మెషిను పన్నెండు పొయ్యిలూ ఒకేసారి ఖాళీ అయితే తప్ప అగ్గిపుల్ల గీయదు. గ్లాసుడు కాఫీ కాచుకోవడానికైనా సరే, పన్నెండూ కావాలి. ఒక మెషిను వండుతుంటే మిగతా నాలుగూ చేతులు కట్టుకుని నిలబడేవి. బెంచీల మీద జ్వరాల వాళ్ళు రెండేసి గంటలు రిపోర్టుల కోసం కూర్చునేవారు. చెప్పడానికి సిగ్గే గానీ, గోదావరి నిలిచిపోయినప్పుడల్లా నాకు లోలోపల సంతోషంగా ఉండేది. బాగా అయింది దీనికి, అనుకునేదాన్ని.

ఆ సంతోషం ఒక గురువారం తీరిపోయింది. కామేశ్వరి గారు స్వయంగా మెట్ల కింద గదికి వచ్చారు. అక్కడ నాగదుర్గ ఉంది. కంప్యూటర్లు చూసుకోవడానికి రెండు నెలల కిందట చేరిన అమ్మాయి.

“సోమవారం దాకా చూస్తానమ్మా దుర్గా. అప్పటికీ ఇంతే అయితే దీన్ని పాత ఇనపసామాను వాళ్ళకిచ్చేస్తాను. ఈ పనంతా బయట కంపెనీకి అప్పజెప్పేస్తాను. ఏవీ అనుకోకు.”

నాగదుర్గ మొహం చిన్నబోయింది. బయటి కంపెనీ వస్తే ఆమెకిక్కడ పని ఉండదు. నాకైతే రూపమే ఉండదు.

ఆదివారం ఒంటిగంటకు ల్యాబు మూశాక ఆమె ప్లాస్టిక్ స్టూలు లాక్కుని లాప్‌టాప్ తెరిచింది. అందరిలాగే ముందు గోదావరినే చూసింది. అందులో తప్పేమీ కనిపించలేదు. అప్పుడు నావైపు తిరిగింది. ఏ మెషిను ఎంతసేపు వండుతోంది, ఎంతసేపు వరసలో నిలబడుతోంది అని కొలిచింది.

“అయ్ బాబోయ్! పనికన్నా పడిగాపులే ఎక్కువున్నాయేంటి!”

ఇక మొహమాటం లేకుండా కోతపెట్టింది. గోదావరికి ఆరు, మిగతా నాలుగింటికి రెండేసి. గోదావరి పొయ్యిలు ఎడమపక్క, సరుకులు కుడిపక్క గదిలో ఉన్నాయని పట్టుకుని, రెండూ ఒక్క పక్కకే చేర్చింది. ఎవరో ఎప్పుడో కరెంటు ఆదా కోసం నన్ను సగం వేగానికి కట్టేసి మరిచిపోయారు, ఆ కట్టు విప్పింది. ఆఖరున రెండు కోర్లు, కాస్త మెమరీ నాకని విడిగా తీసిపెట్టింది.

“నువ్వు కూడా తినాలి కదా,” అంది నాతో.

నన్ను కొన్నాక ఒక మనిషి నాతో మాట్లాడటం అదే మొదలు. కరిగిపోయేదాన్నే. అంతలో గోదావరిని పరీక్షించి, అది గబగబా కదలడం చూసి “నా బంగారం!” అంది. కరగడం మానేశాను.

రెండు గంటలు పట్టే రిపోర్టు సోమవారం పదకొండు నిమిషాల్లో వచ్చింది. వెంకటరత్నం గారు ముసిముసి నవ్వులతో వచ్చారు.

“ఏంటమ్మా దుర్గా, మాకు కోర్లు పెంచేసేవా? శబరి గుర్రంలా పరిగెడతందీ!”

పక్కగదిలోంచి ఎస్తేరు రాణి గారు ఊడిపడ్డారు. “ఆయనకి పెంచి మాకు పెంచవా? మేవేం పాపం చేసేం?”

“ఎవరికీ పెంచలేదండీ, తగ్గించేను. మీకు ఆరు, ఆయనకి రెండు.”

వెంకటరత్నం గారి నవ్వు ఆగిపోయింది. “రెండా?” అన్నారు. కాసేపటికి, “ఆవిడకి ఆరా?” అన్నారు. బిల్లులు రెప్పపాటులో వస్తూనే ఉన్నాయి, ఆయన మాత్రం ఆ రోజంతా ముభావంగానే ఉన్నారు. నాకు ఆయన మీద జాలేసింది. సొంత మనిషిలా కనిపించారు.

బయటి కంపెనీ మాట మళ్ళీ రాలేదు. నాగదుర్గ ఉద్యోగం నిలిచింది, నా చోటు నిలిచింది. నేను అంత సాఫీగా నడవబట్టే కామేశ్వరి గారికి ధైర్యం వచ్చి అమలాపురంలో ఒక బ్రాంచి తెరిచారు. తర్వాత తునిలో ఇంకొకటి. వాటి రిపోర్టులూ నా మీదే పడ్డాయి. రెండేళ్ళకు నా పొయ్యిలు చాలలేదు. నా పక్కకి అరవై నాలుగు పొయ్యిల సవతిని తెచ్చి, బొట్టుపెట్టి, నిమ్మకాయ కట్టారు. బాగా నడిచినందుకు నాకు దక్కిన బహుమానం అది. నాకెవరూ బొట్టు పెట్టలేదు.

ఒక మంగళవారం పొద్దున్న పదింటికి, జనం కిటకిటలాడుతుండగా, నాగదుర్గ అద్దెదారుల్ని ఒక్కొక్కటిగా దానిలోకి మార్చింది. ఆపకుండానే, నడుస్తున్నవి నడుస్తున్నట్టే. ఒక్కటీ తడబడలేదు. తడబడకుండా నడిపింది నేనే కదా, కాస్తయినా తడబడతాయని ఆశపడ్డాను. గోదావరి అన్నిటికన్నా ఆఖరున వెళ్ళింది. వెళ్ళేటప్పుడు అది ఒక డెంగీ రోగి రిపోర్టు తయారుచేస్తోంది. పై సగం నా దగ్గర రాసింది, కింది సగం సవతి దగ్గరికి వెళ్ళి రాసింది. కాగితం మీద అతుకు కూడా కనిపించదు. ఎస్తేరు రాణి గారు సంతకం చేసి ఇచ్చేశారు.

రోగి భార్య ఆ కాగితం అందుకుని, పైన ఉన్నదంతా వదిలేసి, వేలితో కిందికి వెతుక్కుంది.

“ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలున్నాయండీ!” అని అక్కడే నిలబడి ఏడ్చేసింది.

ప్లేట్‌లెట్లు సవతివి. హిమోగ్లోబిన్ దాకా నావి. హిమోగ్లోబిన్ కూడా బాగానే ఉంది. ఎవరూ చదవలేదు.